మామిడి తోటా, లాడ్జి ఆవరణా? క్యాంపర్ వ్యాన్‌లో దక్షిణ తెలంగాణ

పడక, పొయ్యి అన్నీ లోపలే ఉండే క్యాంపర్ వ్యాన్‌లో వెళ్తున్నామని చెప్పగానే చుట్టాల్లో సగం మంది కిరాయి ఎంతని అడిగారు. మిగతా సగం మంది రాత్రిపూట ఎక్కడ ఆపుతారని అడిగారు. అసలు ప్రశ్న రెండోదే. కిరాయి ఒకసారి కడితే తీరిపోతుంది. బండి ఎక్కడ ఆపాలన్నది మాత్రం రోజూ సాయంత్రం నాలుగయ్యేసరికి మళ్లీ మొదటికొస్తుంది.

బ్రిటన్‌లో ఉంటున్న మా ఆడపడుచు బయల్దేరే ముందు ఫోన్‌లో అక్కడి పద్ధతంతా చెప్పింది. వాళ్ల దగ్గర ఒక రకం సైట్లు రైతుల పొలాల్లో ఉంటాయట. 1960లో వచ్చిన చట్టం ప్రకారం గుర్తింపు పొందిన క్లబ్బు సర్టిఫికెట్ ఇస్తే అలాంటి చోట ఐదు కారవాన్ల (ఇలాంటి ఇంటి బండ్ల) దాకా పెట్టుకోవచ్చు. గడ్డి నేల, ఒక నల్లా, టాయిలెట్ డబ్బా ఖాళీ చేసే చోటు, చెత్తకుండీ, అంతే. ఇంకో రకంలో అన్నీ ఉంటాయి. గట్టి నేల, 16 ఆంపియర్ల నీలం ప్లగ్గు, బండి పక్కనే నల్లా, వాడిన నీళ్లు పోవడానికి తూము. దానికి తగ్గట్టే రేటు. "నేనైతే చిన్న సైట్లకే పోతా వదినా, ప్రశాంతంగా ఉంటది" అంది. నల్లగొండ, పాలమూరు వైపు ఆ రెండు రకాలకూ బోర్డులు కట్టి ఉండవు కదా. మన దగ్గర ఏది దేనికి సాటి వస్తుందో మనమే వెతుక్కోవాలి.

టెంపో ట్రావెలర్‌ను మార్చి కట్టిన బండి మాది. వంద లీటర్ల నీళ్ల ట్యాంకు, 12 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం బ్యాటరీ, టాప్ మీద సోలార్ ప్యానెల్, ఏసీ, చిన్న ఫ్రిజ్, 18 లీటర్ల క్యాసెట్ టాయిలెట్, అంటే కింది డబ్బా బయటికి తీసి ఖాళీ చేసుకునేది. మనుషులం నలుగురం: నేను, మా ఆయన, ఎనిమిదో తరగతి చదివే మా వాడు, మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మ. సంక్రాంతి రద్దీ తగ్గాక బయల్దేరాం.

శుక్రవారం: పానగల్లు, సాగర్

వనస్థలిపురం నుంచి తెల్లారకముందే కదిలి విజయవాడ హైవే ఎక్కాం. చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ కనబడగానే అత్తమ్మ లేచి కూర్చుంది. 2015లో దాన్ని అక్కడే కట్టడానికి కారణం ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయి, నడుము వంగి, నలభై ఏళ్లకే ముసలివాళ్లయిన మనుషుల మధ్య పెరిగింది. బండిలో ట్యాంకు నింపే ప్రతిచోటా ఆమె అడిగిన మాట ఒకటే: "బోరు నీళ్లా, కృష్ణ నీళ్లా?"

మేమూ దాన్నే పాటించాం. బోరు నీళ్లయితే గిన్నెలకు, స్నానాలకు మాత్రమే. తాగడానికి, వంటకు విడిగా రెండు క్యాన్లు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపే ఉండాలనీ, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా పర్వాలేదనీ మన దేశ ప్రమాణాలు చెబుతాయి. మరిగిస్తే అది పోదు. నీళ్లు ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ అలాగే మిగిలి ఇంకాస్త చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ సంస్థ పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. ఊరి పేరు ప్రపంచమంతా తిరిగింది, అలా. నలుగురు మనుషుల వంద లీటర్ల ట్యాంకు పొదుపుగా వాడినా రెండో రోజు సాయంత్రానికి అడుగంటుతుంది. అందుకే చోటు ఎంచుకునేటప్పుడు మేం కరెంటు కంటే ముందు నీళ్ల సంగతి అడిగాం.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద పడే స్తంభం నీడ పగలంతా కదలకుండా ఒకే చోట ఉంటుంది. మా వాడు బయటికీ లోపలికీ నాలుగుసార్లు తిరిగి, ఒక్కో స్తంభం ముందు నిలబడి, ఏ స్తంభానిదో కనిపెట్టాలని చూశాడు. తేలలేదు. ఒక్క స్తంభం నీడ కాదది. పలు స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుతురు కలిసి అలా పడుతుంది. పక్కనే ఉదయసముద్రం కట్ట మీద ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిని సాగర్ దారి పట్టాం.

మొదటి రాత్రికి టెన్షన్ వద్దని సాగర్ దగ్గర ఒక ప్రైవేటు రిసార్టుకు ముందే ఫోన్ చేసి పెట్టుకున్నాం. కారవాన్‌కు స్థలం ఉంది, ఫుల్ హుకప్ (కరెంటు, నీళ్లు, తూము అన్నీ) ఉంది అన్నారు. రాత్రికి 2,500. వెళ్లి చూస్తే, లాన్ అంచున తోట దీపానికి ఇచ్చిన 6 ఆంపియర్ల సాకెట్టు. దానికి పదిహేను మీటర్ల సన్న వైరు ఎక్స్‌టెన్షన్. మా ఆయన టెస్టర్ పెట్టి చూస్తే ఎర్తింగ్ లేదు. రేకు బండిలో నలుగురు పడుకునే చోట ఎర్తింగ్ లేని కరెంటు ఎంత ప్రమాదమో వాళ్లకు చెప్పబోతే "అందరూ పెట్టుకుంటున్నరు సార్" అన్నాడు సూపర్‌వైజర్. 6 ఆంపియర్లంటే మహా అయితే 1,300 వాట్లు. ఒకపక్క బ్యాటరీ చార్జర్ లాగుతుండగా ఏసీ ఆన్ చేయగానే లోడు ఎక్కువై ఎంసీబీ స్విచ్చి పడిపోయి లాన్ మొత్తం చీకటైంది. అదే 16 ఆంపియర్ల సాకెట్టయితే 3,600 వాట్ల దాకా మోస్తుంది. ఏసీ, చార్జరు, ఇండక్షన్ పొయ్యి అన్నీ నడుస్తాయి. కరెంటు ఉందా అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. "గీజర్ పెట్టే పెద్ద ప్లగ్గు ఉందా" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

కరెంటు గొడవ ఒక ఎత్తు, టాయిలెట్ డబ్బా ఇంకో ఎత్తు. ఖాళీ చేసే చోటు ఏదని అడిగితే వాచ్‌మన్ చీకట్లోకి చెయ్యి చూపించి "అటు వాగుల పొయ్యుండ్రి" అన్నాడు. ఆ వాగు ఎటు పోతుందో ఆయనకూ తెలుసు. మూత బిగించి మళ్లీ లోపల పెట్టేశాం. లాన్‌లో ఎవరిదో పుట్టినరోజు డీజే రాత్రి పదకొండు దాకా మోగింది. మా కిటికీ మీద ఫ్లడ్‌లైటు తెల్లారేదాకా వెలిగింది.

శనివారం: సాగర్ నుంచి కొల్లాపూర్

పొద్దున్నే డ్యాం చూశాం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కట్టేవాళ్ల కోసం వేసిన హిల్ కాలనీ, పైలాన్ కాలనీ ఇప్పటికీ ఊళ్లుగా నిలిచి ఉన్నాయి. ఎక్కడ ఆపాలి, నీళ్లెక్కడ, కరెంటెక్కడ అన్న తలనొప్పి ఒకప్పుడు ఆ ఇంజినీర్లకు వేల మంది లెక్కన ఉండి ఉంటుంది. నాగార్జునకొండ లాంచీ ఎక్కే దగ్గర మెట్లు చూసి అత్తమ్మ దండం పెట్టేసింది. బదులుగా బుద్ధవనం వెళ్లాం. 274 ఎకరాలు, 2022లో తెరిచారు. నడవలేనివాళ్లను వెంటబెట్టుకుని వెళ్తే సగం చూసి తిరిగి రావడమే.

దేవరకొండ ఖిల్లాను రోడ్డు మీది నుంచే చూశాం. రేచర్ల పద్మనాయకుల కోట, కొండల వరసంతా చుట్టి ఉంటుంది. ఎక్కాలంటే ఒక పూట కావాలి. డిండి దాటాక మా వాడు మన్ననూరు వెళ్దామని పట్టుబట్టాడు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు, ఒక రాత్రి ఆ అడవిలో బండి ఆపుకుంటే ఎలా ఉంటుందని వాడి ఊహ. అడవి మధ్య రోడ్డు పక్కన ఆపి పడుకోవడం కుదరదు, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా శ్రీశైలం రోడ్డు మీద గేట్లు మూసేస్తారు. మన్ననూరులో అటవీశాఖ కాటేజీలున్నాయి, వాటికి ముందే బుక్ చేసుకోవాలి. ఏ సౌకర్యమూ లేని చోటైనా ఫర్వాలేదనుకున్నంత మాత్రాన ఎక్కడంటే అక్కడ ఆపుకోవచ్చని కాదు. ఇంకోసారి చూద్దామని అచ్చంపేట, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ వచ్చేశాం.

మా ఆయన ఆఫీసులో పనిచేసే ఒకాయన మేనమామకు కొల్లాపూర్ దగ్గర బేనిషాన్ మామిడి తోట ఉంది. పొద్దు గుంకకముందే చేరాం. తోటంతా పూత మీద ఉంది. గేటు దగ్గరే పెద్దాయన ఎదురొచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇండ్లనే పొయ్యి, ఇండ్లనే పడక, మంచిగున్నదిగా" అని నవ్వాడు. మేం నేరుగా పెద్ద చెట్టు నీడకు పోనిస్తుంటే ఆపేశాడు.

"చెట్టు కింద వద్దు బిడ్డా. తేనెమంచు కారుతున్నది. అద్దాలన్నీ జిగట పడ్తయి."

కరెంటు గురించి నేనడగకముందే తనే చెప్పాడు. "బాయి కాడ డబ్బ ఉన్నది గని అండ్ల ప్లగ్గు లేదు. అది మోటరుకిచ్చిన కరెంటు. దానికి ఇల్లు తగిలిస్తే బాగుండదు." 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటలూ ఉచితంగా కరెంటు ఇస్తున్నారు. మోటారుకు వచ్చేది మూడు ఫేజుల కరెంటు. ఆ స్టార్టర్ డబ్బాలోంచి బండికి సింగిల్ ఫేజ్ లాగాలనుకోవడం నియమం ప్రకారమూ తప్పు, పని రీత్యానూ ప్రమాదం. తోటలో బండి పెట్టుకునేవాళ్లు ఆ డబ్బా వైపు చూడకుండా ఉంటే అందరికీ మంచిది.

ఆ రాత్రి కరెంటు లేదన్న సంగతే గుర్తు రాలేదు. జనవరి చలికి ఏసీతో పనేముంది! మా బ్యాటరీలో నిండుగా ఉంటే సుమారు రెండున్నర యూనిట్లు ఉంటాయి. ఫ్రిజ్, ఒక ఫ్యాను, రెండు దీపాలు, ఫోన్లు కలిపి రాత్రంతా అర యూనిట్ లాగాయి. పొద్దున మీటర్లో ఇంకా 78 శాతం కనిపించింది. అదే ఏసీ నడిపితే గంటకు దాదాపు ఒక యూనిట్, అంటే రెండు గంటల ముచ్చటే. ఎండాకాలంలో ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. వేసవిలో పెద్ద ప్లగ్గు లేని చోట ముసలివాళ్లను, పసిపిల్లలను రేకు బండిలో పడుకోబెట్టడం సాహసం కూడా కాదు, మొండితనం.

అత్తమ్మ బయట కుర్చీ వేసుకుని పెద్దాయన భార్యతో పదింటి దాకా ముచ్చట్లు పెట్టింది. వాళ్లింట్లో జొన్న రొట్టె, పచ్చిపులుసు. రిసార్టులో ఆ డబ్బుకు ఇవ్వనిది ఇదే.

ఆదివారం: సోమశిల

తెల్లారి లేచి చూస్తే చెట్టుకు దూరంగా ఆపినా ముందు అద్దం మీద సన్నని చుక్కలు. వేలితో ముడితే బంక. వైపర్ వేస్తే ఇంకా పాముకుంది. మామిడి పూత మీద రసం పీల్చే చిన్న పురుగు వదిలే తీపి జిగురు అది. దాన్నే తేనెమంచు అంటారు. చీమలు అప్పటికే టైరు మీదుగా ఎక్కి వరస కట్టాయి. అద్దం సంగతి పోనీ, టాప్ మీది సోలార్ ప్యానెల్ మీదా అదే పొర. దాని మీద దుమ్ము పట్టుకుంటే ఇక ఎండ దిగదు. మా ఆయన నిచ్చెన వేసుకుని ఎక్కి, గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి పావుగంట తుడిచాడు. తుడవకముందు చార్జింగ్ కరెంటు నాలుగు ఆంపియర్లు చూపించింది, తుడిచాక తొమ్మిది. మధ్యలో పొద్దు కాస్త పైకొచ్చిన మాటా నిజమే. కొల్లాపూర్ మామిడి తింటాం గానీ పూత కాలంలో దాని కింద ఏం జరుగుతుందో ఇన్నాళ్లూ తెలియదు.

సోమశిలకు ఎనిమిదింటికల్లా చేరిపోయాం. కేంద్ర పర్యాటక శాఖ 2024లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా దీన్ని ఎంపిక చేశాక ఆదివారాల్లో కార్ల వరస పెరిగిందని టీకొట్టాయన చెప్పాడు. లలితా సోమేశ్వరుడి దర్శనం, ఘాట్ దగ్గర మునక, పడవలో ఒక చుట్టు. కృష్ణ ఇక్కడ సముద్రమంత వెడల్పుగా కనిపిస్తుంది, అవతలి ఒడ్డు ఆంధ్ర. మధ్యాహ్నం నది చేప వేపుడు. ఇంతకు మించి చెప్పేదేం లేదు, వెళ్లి చూడాల్సిందే. నది గట్టున టూరిజం కాటేజీలున్నాయి. మేం వెళ్లిన రోజు ఒక్క గదీ ఖాళీ లేదు. సాయంత్రం మళ్లీ తోటకే వచ్చేశాం.

అసలు పరీక్ష ఆ రాత్రి వచ్చింది. క్యాసెట్ టాయిలెట్ మీద ఎర్ర దీపం వెలిగింది, నిండిందని. నలుగురికి 18 లీటర్లంటే పగలు బయట పని కానిచ్చుకున్నా రెండు రోజులు, ఆపైన ఒక పూట. తోటలో టాయిలెట్ ఉంది గానీ అది రెండు చిన్న గుంతల మరుగుదొడ్డి, ఇంటివాళ్లకే సరిపోయేది. టాయిలెట్ డబ్బాలో పోయడానికి బజారులో దొరికే నీలం రంగు ద్రవాల్లో కొన్నిట్లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అలాంటిది పోస్తే గుంతలో మలాన్ని మట్టిగా మార్చే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. మేం వాడింది ఎంజైమ్ ద్రవమే అయినా, అన్నం పెట్టినవాళ్ల గుంతలో మా బరువు దింపడానికి మనసొప్పలేదు. పొలంలో పోయడమన్నది మాట్లాడే విషయమే కాదు. బావి ఎంతో దూరం లేదు.

మా ఆడపడుచు చెప్పిన చిన్న సైట్లకూ మన తోటలకూ తేడా ఇక్కడే. వాళ్లు 'ఏమీ ఉండవు' అనే చోట కూడా నల్లా, డబ్బా ఖాళీ చేసే చోటు తప్పకుండా ఉంటాయి. మన తోటలో నీడ, నీళ్లు, మనుషులు ఉంటారు, ఆ ఒక్కటి ఉండదు. కాబట్టి తోటలో ఎన్ని రాత్రులుండాలో తేల్చేది బ్యాటరీ కాదు, ట్యాంకు కూడా కాదు, ఆ 18 లీటర్ల డబ్బా. సబ్బు నీళ్లకు పెద్దాయనే దారి చూపాడు. గిన్నెలు కడిగిన నీళ్లను మెతుకులు లేకుండా జల్లెడ పట్టి అరటి చెట్లకు పోయమన్నాడు.

సోమవారం: అలంపురం

తెల్లవారి మందు కొడతారని ముందే చెప్పారు. స్ప్రేయర్ ట్యాంకు ట్రాక్టర్ మీదికి ఎక్కకముందే బయటపడాలి. డబ్బులివ్వబోతే పెద్దాయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. కొత్త కందిపప్పు ఐదు కిలోలు కొనుక్కున్నాం, అది మాత్రం ధర కట్టి అమ్మాడు.

జటప్రోలులో శ్రీశైలం ముంపు నుంచి తరలించి మళ్లీ కట్టిన గుడులు చూసి పెబ్బేరు దగ్గర హైవే ఎక్కాం. బంకులో డీజిల్ పోయించి, టైర్లకు గాలి పట్టించాం. పెట్రోలు బంకుల్లో తాగునీళ్లు, టాయిలెట్, గాలి ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. బీచుపల్లి ఆంజనేయుడికి దండం పెట్టుకుని మధ్యాహ్నానికి అలంపురం.

ఈసారి పద్ధతి మార్చాం. కారవాన్ పేరు ఎత్తకుండా లాడ్జిలో కింది అంతస్తులో ఒక గది తీసుకున్నాం, 1,600. బండిని ఆ గది కిటికీ పక్కన ఆపుకోవచ్చా అని మేనేజర్‌ను అడిగాం. ఆయన ఒకసారి వైరు మందం చూసి, గదిలో ఏసీకి ఇచ్చిన 16 ఆంపియర్ల ప్లగ్గు వాడుకోండి, గది ఏసీ, బండి ఏసీ రెండూ ఒకేసారి వద్దు అన్నాడు. టెస్టర్ పెడితే ఎర్తింగ్ బ్రహ్మాండంగా ఉంది. టాయిలెట్ డబ్బా సంగతి దాచకుండా చెప్పాం. "సెప్టిక్ ట్యాంకే కదమ్మా, మందు కలిపింది కాకపోతే పోసుకోండి, వెనకే రెండు బకెట్లు నీళ్లు కొట్టండి" అన్నాడు. అక్కడ ఇండియన్ టైపు దొడ్డి ఉండటం కలిసొచ్చింది. కమోడ్‌లో పోస్తే చిందుతుంది. అత్తమ్మ వేన్నీళ్ల స్నానం చేసి, మంచం మీద కాళ్లు బార్లా చాపి, మోకాళ్లకు నూనె రాసుకుంది. మేం ముగ్గురం బండిలో పడుకున్నాం. నల్లా, పెద్ద ప్లగ్గు, తూము, దొడ్డి, పైగా ముసలామెకు మంచం. ఫుల్ సర్వీస్ అంటే మన జిల్లాల్లో ఇదే.

సాయంత్రం నవబ్రహ్మ ఆలయాలు. బాదామి చాళుక్యులు ఏడో శతాబ్దంలో కట్టించారు. పేరుకు నవబ్రహ్మలు, లోపల ఉన్నది శివలింగాలే. శిఖరాలు చూస్తే ఉత్తరాది గుళ్లలా ఉంటాయి. జోగులాంబ పాత గుడి ఎప్పుడో నేలమట్టమైంది, ఇప్పుడున్నది 2005లో కట్టింది. అత్తమ్మ అక్కడ కూర్చున్నంతసేపు మేం తుంగభద్ర గట్టున తిరిగాం.

మంగళవారం: గద్వాల, జూరాల, పిల్లలమర్రి

ఎర్రవల్లి చౌరస్తా నుంచి గద్వాల. నేత ఇంట్లో నూలు చీరకు పట్టు అంచు ఎలా కలుపుతారో చూసి, చూసినందుకు ఒకటి కొనాల్సి వచ్చింది. జూరాల దగ్గర చేపల బండ్ల ముందు ఆగకుండా ఎవరూ పోలేరు, మేమూ పోలేదు. ఆత్మకూరు మీదుగా మహబూబ్‌నగర్ చేరేసరికి ఎండ తగ్గింది. పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి కొమ్మల్లోకి చుక్కలు చుక్కలుగా మందు ఎక్కించారు. మా వాడికి చెబితే నమ్మక, ఫోన్‌లో ఫొటోలు వెతికి చూసుకున్నాడు.

చీకటి పడ్డాక శంషాబాద్ దగ్గర బండి అప్పగించాం. ఓనరు ముందు చూసింది టైర్లు కాదు, టాయిలెట్ డబ్బా. పొద్దున లాడ్జిలో మరోసారి కడిగేశాం కాబట్టి అడ్వాన్సులో ఒక్క రూపాయి కోయలేదు. సోలార్ ప్యానెల్ అంచుల్లో ఇంకా కాస్త జిగట మిగిలింది, అది ఆయనకు కనబడలేదు, మేమూ చూపించలేదు. ఏప్రిల్‌లో రేటు తగ్గిస్తా, మళ్లీ రండి అన్నాడు. ఏప్రిల్ అయితే రోజూ లాడ్జి గది తీసుకోవాలి, ఆ ఖర్చుకు కారులో వెళ్లడమే నయమని మా ఆయన లెక్క. తోటల్లో ఉండాలంటే మళ్లీ డిసెంబరు దాకా ఆగాలి. అప్పటికి పూత రాదు కాబట్టి చెట్టు కిందే ఆపుకోవచ్చని అత్తమ్మ అప్పుడే పెద్దాయన భార్యకు ఫోన్ కలిపింది.